అప్పని మళ్ళీ పంపేయమంటున్నారు. పలాస వెళ్ళకుండా కేసు పెట్టొచ్చా?

ప్రశ్న:
మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అప్పని (అక్కని) పలాసలో ఇచ్చాం. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి వెళ్తుంది. బావ తాగొచ్చి కొట్టడం, కూలి డబ్బులు లాక్కోవడం, మేం పెద్దల్లో పెట్టడం, వాళ్ళు సర్దిచెప్పి పంపడం మామూలైపోయింది. నిన్న మొహం వాచిపోయి, పాపని చంకనేసుకుని వచ్చేసింది. ఇల్లు అత్త పేరున ఉంది, నీకేం హక్కు లేదంటున్నారట. బంగారం అక్కడే ఉండిపోయింది. నాన్నేమో పండగలోపు పంపేద్దాం అంటున్నాడు. బావని జైల్లో పెట్టించాలని అప్పకి లేదు, దెబ్బలు ఆగితే చాలంటోంది.

లాయరు గుమస్తా, శ్రీకాకుళం:
తమ్ముడూ, ముందు ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళు. మెట్ల మీంచి పడ్డానని చెప్పనివ్వకు. ఎవరు కొట్టారో చెప్పి ఎంఎల్‌సీ (దెబ్బల గురించి డాక్టరు కేసు కోసం రాసే రికార్డు) రాయించండి. వాపు తగ్గిపోయాక కోర్టులో చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

పలాస వెళ్ళక్కర్లేదు. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా పిటిషన్ వేయొచ్చు. అంటే నరసన్నపేట కోర్టు. భర్త వేధింపుల మీద పెట్టే క్రిమినల్ కేసు, అంటే పాత 498ఏ, ఇప్పటి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85, అది వేరు. ఈ గృహహింస పిటిషన్‌లో అడిగేది కొట్టొద్దని, ఖర్చులివ్వమని, బంగారం తిరిగివ్వమని. కొట్టొద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు మీరితే అప్పుడు నేరం: ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇల్లు అత్తదైనా, కోడలు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో వాటా కాదు, ఉండే హక్కు. మా ఆఫీసుకొచ్చే వాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలీదు, అత్తోరు ఆ మాటతోనే బెదిరిస్తారు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్ళకి ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ నేను చూసిన కేసులేవీ అంత త్వరగా తేలలేదు. అందుకే అదే చట్టం 23వ సెక్షన్ కింద, కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కూడా అడగమని లాయరుకి గట్టిగా చెప్పండి.

టెక్కలి వాసి:
తాగుడే కదా, మానిపిస్తే కాపురం నిలబడుతుంది. ఇంకోసారి పెద్దల్లో పెట్టి చూడండి. పాప ఉంది.

రాజాం నుంచి:
తగువు తీర్చిన పెద్దలు రాత్రికి ఆ ఇంట్లో పడుకోరు కదండీ. నన్నూ ఇలాగే పాప మొహం చూసి సర్దుకోమని పంపారు. తర్వాత ఫోన్ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. తాగని రోజు కూడా కొట్టేవాడు, అదీ రాయండి ఇక్కడ.

తమ్ముడూ, నాన్న మరీ పట్టుబడితే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి సెంటర్లో అప్పనీ పాపనీ కొన్ని రోజులు ఉండనిస్తారు. కూలి డబ్బులు పడే ఖాతా ఏటీఎం కార్డు అతని దగ్గరుంటే ఇవాళే బ్లాక్ చేయించు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
ఆసుపత్రిలో రాయించాం. కార్డు నిజంగానే బావ దగ్గరుంది, బ్లాక్ చేయించా. గృహహింస గురించి చెప్పడానికి రక్షణాధికారి ఉండే ఐసీడీఎస్ (స్త్రీ శిశు సంక్షేమ) ఆఫీసుకి నేనొక్కణ్ణీ వెళ్తే సరిపోతుందా?

లాయరు గుమస్తా, శ్రీకాకుళం:
రక్షణాధికారికి సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు. కానీ ఆ అధికారి కోర్టు కోసం రాసే గృహహింస నివేదికలో ఏం జరిగిందో అప్ప నోటితో చెప్పాలి, నువ్వు మధ్యలో అందుకోకు. పెళ్ళి ఫోటో ఒకటి పట్టుకెళ్ళండి.