వజ్రాసనం సరిగా వేయడం ఎలా? భోజనం తరువాత వేస్తే మేలేనా?

ప్రశ్న:
నమస్కారం. నా వయసు 46. రాత్రి భోజనం చేసి పడుకోగానే కడుపు ఉబ్బరంగా ఉండి, పుల్లని త్రేన్పులు వస్తున్నాయి. తిన్న తరువాత వజ్రాసనం వేయమని తోటి ఉపాధ్యాయులు చెప్పారు. అయితే కూర్చున్న కాసేపటికే పాదాల పైభాగం బాగా లాగుతోంది, మడమల మీద బరువు ఆనడం లేదు. సరైన పద్ధతి ఏమిటో, దీనివల్ల మేలెంతో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (యోగా శిక్షకురాలు):
ముందు చాప మీద కాళ్లు చాచి దండాసనంలో కూర్చోండి. కుడి మోకాలు మడిచి ఆ పాదాన్ని కుడి పిరుదు కిందికి, తరువాత ఎడమ పాదాన్ని ఎడమ పిరుదు కిందికి చేర్చండి. బొటనవేళ్లు ఒకదానికొకటి తగులుతూ, మడమలు మాత్రం ఎడంగా ఉంటే, వాటి మధ్య ఏర్పడే గుంటలో పిరుదులు కుదురుగా ఆనుతాయి. చాలామంది మడమలు రెండూ దగ్గరికి చేర్చి వాటి కొనల మీద కూర్చుంటారు; మీ ఇబ్బందికి అదే కారణం కావచ్చు. చేతులు తొడల మీద ఉంచి, వెన్ను నిటారుగా నిలిపి, ఊపిరి మామూలుగా తీసుకోండి. లేచేటప్పుడు కొద్దిగా కుడివైపు ఒరిగి ముందు ఎడమ కాలిని, తరువాత కుడి కాలిని చాచాలి.

పాదాల పైభాగం లాగడం కొత్తవారికి సహజమే. చీలమండ ముందు భాగానికీ నేలకూ మధ్య మిగిలే ఖాళీలో తువ్వాలు చుట్టి పెట్టుకోండి. ప్రాచీన హఠయోగ గ్రంథమైన ఘేరండ సంహిత చెప్పిన 32 ఆసనాలలో ఇదీ ఒకటి, జూన్ 21న యోగా దినోత్సవంలో అందరూ కలిసి చేసే క్రమంలోనూ ఉంది. అయినా ఇది నొప్పి ఓర్చుకుంటూ వేయవలసిన ఆసనం కాదు.

సమాధానం (ఫిజియోథెరపిస్టు):
నొప్పి ఎక్కడ వస్తోందన్నదే ముఖ్యం. పాదం పైన, తొడ ముందు లాగితే అది కండరాలు సాగడం వల్ల. మోకాలి లోపల పోటు వస్తే మాత్రం వెంటనే ఆపాలి. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు కీలు మీద ఒత్తిడి ఎక్కువ కనుక, కీళ్ల అరుగుదల ఉన్నవారు, మోకాలికి శస్త్రచికిత్స అయినవారు వైద్యుని అడగకుండా దీని జోలికి పోరాదు.

మేలు విషయానికి వస్తే, తొడలూ చీలమండలూ సాగుతాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది, ప్రాణాయామానికి స్థిరంగా కూర్చోవచ్చు. తిన్న వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది, నిటారుగా కూర్చుంటే ఆ అవకాశం తగ్గుతుంది. పొట్ట కరుగుతుందన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. తువ్వాలు పెట్టుకుంటే లాగడం బాగా తగ్గింది. కాళ్లు తిమ్మిరెక్కితే అలాగే కొనసాగించవచ్చా?

సమాధానం (ఫిజియోథెరపిస్టు):
కొనసాగించకండి. మోకాలి బయటివైపు, కాలి సన్న ఎముక పై కొనను చుట్టి వెళ్లే నరం ఉంటుంది. అది చాలాసేపు నొక్కుకుపోతే పాదం పైకి ఎత్తలేని స్థితి కూడా రావచ్చు. తొలి రోజుల్లో రెండు మూడు నిమిషాలు చాలు, అలవాటయ్యాక మెల్లగా పెంచుకోండి. తిమ్మిరి మొదలవగానే కాళ్లు చాచి, స్పర్శ పూర్తిగా వచ్చాకే లేచి నిలబడండి. భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉంచినా త్రేన్పులు తగ్గకపోతే, ఆసనాన్ని నమ్ముకుని ఊరుకోక వైద్యునికి చూపించుకోండి.