అప్‌డేట్: చెల్లి అబద్ధం చెప్పడం లేదు

చేసిన పనులే గుర్తులేవంటోంది, చెల్లి అబద్ధమాడుతోందా అని రెండు నెలల క్రితం అడిగాను. తన బ్యాగులో కైలాసగిరి రోప్‌వే టికెట్టు, అడుగున నాలుగు మురీ మిక్చర్ మరమరాలు. అయినా వెళ్లినట్టే తెలియదంది.

విశాఖలోనే సైకియాట్రిస్టుకు చూపించాం. మూర్ఛ ఉందేమోనని ముందు ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) తీశారు. చాలా సిట్టింగుల తర్వాత డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అన్నారు, అంటే ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు (ఐడెంటిటీలు) ఉండటం. 1994కు ముందు మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారు. పాత మానసిక గాయాలే కాదు, నిన్నటి మామూలు పనులు కూడా మరచిపోవచ్చని మానసిక రుగ్మతల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లో ఉంది.

నన్ను కదిలించింది ఇంకోటి. ఒక ఐడెంటిటీలో నేర్చుకున్నది మరో ఐడెంటిటీకి తెలియదనిపించినా, పరీక్షల్లో దాని జాడ దొరుకుతుందట. జ్ఞాపకం చెరిగిపోలేదు, తనకు అందడం లేదంతే. థెరపీకి ఏళ్లు పట్టొచ్చు.

నిలదీయడం మానేశాను. ఆ టికెట్టును చెల్లి డైరీలో అంటించుకుంది.