ఊరి అంచు లేఅవుట్లకు నీటి గొట్టం: ఖర్చు ఎవరిది?

పాతవీధి: తిరుపతి చుట్టూ ఎటు చూసినా లేఅవుట్లే. నీళ్లు మాత్రం కల్యాణి డ్యామ్‌వి, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగవి. 40 కుటుంబాల అపార్ట్‌మెంటుకు ఒక్క కనెక్షన్ చాలు. 40 ప్లాట్లలో 9 ఇళ్లే లేచినా గొట్టం చివరిదాకా వేయాల్సిందే. ఆ ఖర్చు మా పన్నుల్లోంచి ఎందుకు?

కొత్తిల్లు: అలాంటి 9 ఇళ్లలో మాదొకటి. మూడు వేసవులుగా ట్యాంకరే దిక్కు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 5,000 లీటర్లు నలుగురికి తొమ్మిది రోజులు. రాత్రి పదకొండుకు ట్యాంకరొస్తే సంపు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడేది నేనే.

పాతవీధి: 135 లీటర్లు భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాల లెక్క. అవి లేనిచోట 70. మీ దగ్గర ఉన్నాయా?

కొత్తిల్లు: మురుగు కాలువ లేదని దాహం తగ్గుతుందా?

పాతవీధి: ముందు లెక్క సరిగ్గా చెప్పండి.

రేణిగుంట రోడ్డు: లెక్కలు తర్వాత. నీళ్లు వస్తాయా, రావా?

చెరువుగట్టు: చెరువు కింద మాకు ఎకరం వరి మడి ఉండేది. మడిలో నిలిచిన నీరు ఇంకి చుట్టుపక్కల బావులు ఊరేవి. ఇప్పుడక్కడ సిమెంటు రోడ్లు. చెరువుకు నీళ్లు తెచ్చే కాలువను పూడ్చి ప్లాట్లు వేశారు. 2021 నవంబరు వరదలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాతి వేసవికే మా బోరు ఎండింది.

కొత్తిల్లు: ఆ ఎకరం అమ్ముకున్నది మీరే కదా అన్నా?

చెరువుగట్టు: అమ్మాం, చెల్లెలి పెళ్లికి. అమ్మింది మడిని, కాలువను కాదు. పూడుస్తున్నప్పుడే అర్జీ పెట్టాను. ముద్ర కొట్టి తీసుకున్నారు. చూడటానికి ఒక్కరూ రాలేదు.

కొత్తిల్లు: నీటి వసతి కూడా ధరలోనే ఉందని చెప్పి మాకు ప్లాటు అమ్మారు. ఒకసారి కట్టినదాన్ని మళ్లీ కట్టమంటే ఎలా? పాతవీధి వారికి మేమంటే ఎందుకింత కోపం?

పాతవీధి: కోపం కాదు, భయం. మా వీధికి రెండు రోజులకోసారి గంటసేపు నీళ్లొస్తాయి. మా అమ్మ ఆ గంట కోసం తెల్లవారుజామునే బిందెలు కడిగి వరసగా పెట్టుకుంటుంది. మీకు గొట్టం వేస్తే ఆ గంట అరగంట అవుతుంది. గొట్టం పొడవు పెంచుతున్నారు, డ్యాములో నీళ్లు పెంచుతున్నారా? డబ్బు మీరే కట్టినా నేను ఒప్పుకోను.

కొత్తిల్లు: ఆ మాట మొదటే చెప్పాల్సింది. ఇంతసేపూ ఖర్చు గురించే వాదించాం.

చెరువుగట్టు: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. కాలువ సర్వే నంబరు నా దగ్గరుంది. ఇద్దరూ రండి.

కొత్తిల్లు: గొట్టం సంగతి కూడా రాస్తే వస్తాను.

పాతవీధి: కాలువ వరకైతే సంతకం పెడతాను. గొట్టం మాట ఉంటే పెట్టను.