ల్యాప్‌టాప్ లోగో దాటట్లేదు, ఫార్మాట్ తప్ప దారి లేదా?

నమస్కారం అండీ. నాలుగేళ్ల పాత ల్యాప్‌టాప్, విండోస్ 11. పోయిన ఆదివారం నేనే వెనక మూత విప్పి ఇంకో 8 జీబీ ర్యామ్ వేశాను. రెండు రోజులు బాగానే నడిచింది. ఇప్పుడు ఆన్ చేస్తే లోగో వస్తుంది, కింద చుక్కలు నాలుగుసార్లు గిర్రున తిరుగుతాయి, టక్కున నీలం తెర. దాని మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఉంటుంది. దానంతటదే రీస్టార్ట్, మళ్లీ అదే కథ.

కొత్త ర్యామ్ తీసేసినా తేడా లేదు. విచిత్రంగా సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) మాత్రం గంటసేపైనా ఆగకుండా నడుస్తోంది. అందుకే ఏదో డ్రైవర్ (ల్యాప్‌టాప్‌లోని భాగాలను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీదే నా అనుమానం. షాపులో మూత కూడా తీయకుండానే ఫార్మాట్ కొట్టేద్దాం అన్నారు. అందులో మా పాప చిన్నప్పటి ఫొటోలున్నాయి, బ్యాకప్ లేదు (తిట్టకండి). సేఫ్ మోడ్‌లోనే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి చూడమంటారా? లేక ముందు ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్క్) చెక్ చేయాలా?