పాత ఆర్వీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్తే. జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, రోజుకో హోటల్ మారడం కష్టం. అందుకే ఒక పాత ఆర్వీ, అంటే లోపలే పడకా వంటా ఉండే మోటర్‌హోమ్, చూశాం. 2016 క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం ఉంచి వెనక ఇల్లు కట్టే రకం), ఫోర్డ్ ఈ-450 మీద కట్టింది, వీ10 పెట్రోల్ ఇంజిన్, 38,000 మైళ్లు, ఒక స్లయిడ్ (బండి ఆపాక పక్కకి జరిగి గది వెడల్పయ్యే భాగం). ధర 49,000 డాలర్లు. నాలుగేళ్ల వారంటీకి డీలరు ఇంకో 5,800 అడుగుతున్నాడు. లోన్‌లో కలిపేస్తే తెలియను కూడా తెలియదంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి, శుక్రవారంలోపు తేల్చాలి.

గోదారి గాలి:
నాకైతే గిట్టుబాటే అయింది. మాది డీజిల్ పుషర్, అంటే డీజిల్ ఇంజిన్ వెనక ఉండే పెద్ద బండి, నాలుగు స్లయిడ్లు. మూడేళ్లలో లెవలింగ్ జాక్‌ల (ఆపినచోట బండిని సమంగా నిలిపే కాళ్ల) హైడ్రాలిక్ పంపు, రెండు ఏసీలు, ఫ్రిజ్ కూలింగ్ యూనిట్ పోయాయి. వారంటీకి నేను కట్టింది 7,200, రిపేర్లకు వారంటీ కంపెనీ పెట్టింది 11,000 పైనే. కానీ ఫ్రిజ్ పోయినప్పుడు వాళ్ల మనిషి వచ్చి చూసి ఒప్పుకునేదాకా షాపువాళ్లు చెయ్యి వెయ్యలేదు. ఐదు వారాలు బండి అక్కడే ఉంది. పిల్లల వేసవి సెలవులు అలాగే గడిచిపోయాయి.

అట్లాంటా అక్క:
తమ్ముడూ, మా ఇంట్లో కథ వేరు. స్లయిడ్ పక్కన నేల మెత్తబడింది. పైకప్పు అంచున సీలెంట్ పగిలి, ఏళ్లుగా నీళ్లు దిగి చెక్క కుళ్లిపోయింది. క్లెయిమ్ పెడితే, నీటి నష్టానికి వర్తించదు, పైగా కొనకముందు నుంచీ ఉన్నదే అన్నారు. కాంట్రాక్టు తీసి చదివితే నిజంగానే అలా రాసుంది. 6,400 మేమే పెట్టుకున్నాం. పాత ఆర్వీకి పెద్ద శత్రువు నీళ్లు. సరిగ్గా అక్కడే ఈ కాగితాలు అక్కరకు రావు.

సియాటిల్ చినుకు:
వారంటీ అని మనం అంటాం గానీ, ఇది నిజానికి సర్వీస్ కాంట్రాక్టు. బండి తయారుచేసిన కంపెనీకి దీంతో సంబంధం లేకపోవచ్చు. రంగుల కరపత్రం పక్కన పెట్టి మొత్తం కాంట్రాక్టు అడగండి. కవరయ్యే భాగాల పేర్లు రాసే రకం ఒకటి, కవర్ కానివి మాత్రమే రాసే రకం ఇంకొకటి. మొదటిదాంట్లో ఆ భాగం పేరు లేకపోతే డబ్బు రాదు. గంట కూలీకి ఎంతవరకు ఇస్తారో చూడండి. షాపు 190 వేసి వాళ్లు 140 ఇస్తే తేడా మీ జేబులోంచే. డిడక్టిబుల్ (ముందుగా మనం పెట్టుకోవాల్సిన వాటా) ఒక్కో రిపేరుకా, షాపుకు వెళ్లిన ప్రతిసారికా? విప్పి చూశాక క్లెయిమ్ ఒప్పుకోకపోతే ఆ కూలీ ఎవరిది? ఇవి రాతపూర్వకంగా ఉండాలి. లోన్‌లో కలిపితే దానికీ వడ్డీ కడతారు, దయచేసి అలా చెయ్యకండి.

హ్యూస్టన్ బావ:
గోదారి గాలి గారి బండికీ నీ బండికీ పోలిక లేదు బ్రదర్. ఒక స్లయిడ్, పెట్రోల్ ఇంజిన్. నాకు ఏసీ మార్చడానికి 1,700, వాటర్ హీటర్‌కి 900 అయింది. ముందు ఆర్వీ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకో. క్యాబ్ (డ్రైవర్ కూర్చునే చోటు) పైన బెడ్ ఉంటుంది చూడు, క్లాస్ సీలో ఎక్కువగా కారేది అక్కడే. ఆ మూలల్లో తేమ మీటర్ పెట్టించు. ఏసీ వేసి జనరేటర్ అరగంట నడిపించు. టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చదువు: 2316 అంటే 2016లో 23వ వారం. టైరు మీది గాళ్లు అరగలేదని మోసపోవద్దు, టైరు వయసు ముఖ్యం.

ఫ్రిస్కో నాన్న:
బావా, ఆరు టైర్లూ 2316వే! ఇన్‌స్పెక్షన్‌కి 850 అయింది. క్యాబ్ పైన ఎడమ మూల తేమ చూపించింది, చెక్క ఇంకా గట్టిగానే ఉందట. డీలరు అది సీల్ చేయించి ధర 3,500 తగ్గించాడు. నేను లేవబోతుంటే వారంటీ కూడా 3,900కి దిగింది. కాంట్రాక్టు చదివితే స్లయిడ్ మోటర్ ఉంది, ఫ్రిజ్ పేరే లేదు. వారంటీ వద్దని, బండి మాత్రం తీసుకున్నాను. టైర్లు మార్పించి, రిపేర్లకని 4,000 వేరే అకౌంట్‌లో వేశాను. అక్కా, ఆ సీలెంట్ ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

అట్లాంటా అక్క:
ఆరు నెలలకోసారి నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడు. పెద్ద వాన పడ్డ మర్నాడు క్యాబ్ పైన పరుపు ఎత్తి, ఆ ఎడమ మూల చేత్తో తడిమి చూడు. అమ్మగారినీ నాన్నగారినీ అడిగానని చెప్పు.