‘ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ’ని తెలుగులో ఎలా అంటాం?

నాలుగు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను, మీ అందరి సాయం కావాలి.

మా అక్క కూతురు డాలస్‌లో చదువుకుంటోంది. ఆదివారం రాత్రి ఒక పాట పంపి, "పిన్నీ, ఇది అమ్మకి వినిపించాను, గొంతు బాగుంది కానీ ఏమంటోందే ఆవిడ అని అడిగింది, ఎంత ఆలోచించినా తెలుగులో చెప్పడం రాలేదు, నువ్వు చెప్పు" అంది. అమెరికన్ గాయని బానీ రెయిట్ 1991లో పాడిన ‘ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ’. పాట పేరులో ఉన్నవన్నీ చిన్న చిన్న మాటలే, ఒక్కటీ కష్టమైంది కాదు. "నువ్వు నన్ను ప్రేమించేలా నేను చేయలేను" అని వెంటనే రాసి పంపేశాను. పంపాక చదువుకుంటే డబ్బింగ్ సినిమా డైలాగులా ఉంది. మా అక్క అలా మాట్లాడదు, నేనూ మాట్లాడను, మనసు విరిగిపోయిన మనిషి అసలే మాట్లాడదు.

పోనీ "ప్రేమింపజేయలేను" అందామా? తప్పు లేదు, కానీ అది పుస్తకంలో మాట. నవ్వుకి నవ్వించు ఉంది, ఏడుపుకి ఏడిపించు ఉంది, తినిపించు, ఒప్పించు, మెప్పించు, ఎన్ని ఉన్నాయో. ‘ప్రేమించు’ దగ్గర మాత్రం ఆ ‘ఇంచు’ ముందే అయిపోయింది, ‘ప్రేమ’ని క్రియగా మార్చడానికే దాన్ని వాడేసుకున్నాం, ఇక ప్రేరణార్థకం కావాలంటే పక్కన ‘చేయు’ తెచ్చి తగిలించాలి, అక్కడ మాట బరువెక్కిపోతోంది.

ఇంకాస్త ఆలోచిస్తే చిక్కు వేరే చోట ఉందనిపించింది. ఇళ్ళలో మనం ‘ప్రేమించు’ ఎంత వాడతాం? "నాకు అతనంటే ఇష్టం", "నాకు నచ్చాడు" అంటాం. నాకు ఆకలేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు కోపం వచ్చింది, నాకు నిద్ర పట్టలేదు... ఇష్టం కూడా ఈ వరసలోదే. ‘నేను’ చేసే పని కాదది, ‘నాకు’ కలిగేది. ఇంగ్లీషులో ప్రేమకి కర్త ఉన్నాడు కాబట్టి అతని చేత ఆ పని చేయించలేకపోవడం పాటైంది. మన వాక్యంలో చేయించడానికి ఎవరూ లేరు, ‘నీకు’ అనగానే సగం పాట అయిపోతుంది. అనువాదానికి లొంగకపోవడానికి కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ పాట రాసింది ఆవిడ కాదు. మైక్ రీడ్, అలెన్ షాంబ్లిన్ అని ఇద్దరు. రీడ్ అంతకుముందు సిన్సినాటి బెంగాల్స్ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. పేపర్లో చదివిన ఒక వార్తలోంచి పాట పుట్టిందని చెబుతారు: ఒకడు తాగి తన ప్రియురాలి కారు మీద కాల్పులు జరిపాడట, ఏం నేర్చుకున్నావని జడ్జి అడిగితే, ఇష్టం లేని ఆడది మనల్ని ప్రేమించేలా బలవంతాన చేయలేమని తెలిసిందన్నాడట. మొదట హుషారుగా పరిగెత్తే పాటగా మొదలుపెట్టి, నెమ్మది చేసుకుంటూ వచ్చారు. రికార్డింగులో పియానో బ్రూస్ హార్న్స్‌బీది. రెయిట్ ఒక్క టేక్‌లో పాడేసింది, మళ్ళీ ప్రయత్నిస్తే ఆ బాధ మళ్ళీ గొంతులోకి రాలేదు. అప్పటికి ఆవిడకి 41 ఏళ్ళు. ఇరవైలో పాడి ఉంటే ఈ పాట వేరేగా ఉండేది.

ఆవిడ గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1949లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో పుట్టింది, తండ్రి జాన్ రెయిట్ బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో పెద్ద గాయకుడు. పద్నాలుగేళ్ళప్పుడు న్యూపోర్ట్ సంగీతోత్సవపు బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ పాటలు) రికార్డు ఒకటి విని స్లైడ్ గిటార్ పట్టుకుంది. ఎడమచేతి నడిమి వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జారుస్తుంది, తీగని మెట్టుకి నొక్కదు, అందుకే ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి వెళ్ళేటప్పుడు మధ్యలో ఉన్నదంతా వినిపిస్తుంది. మన గోటువాద్యం విన్నవాళ్ళకి కొత్తగా ఉండదు. 1971లో మొదటి ఆల్బమ్. పన్నెండేళ్ళ తర్వాత కంపెనీ ఆవిణ్ణి వదిలేసింది. తాగుడు మానేసి, 1989లో ‘నిక్ ఆఫ్ టైమ్’ అనే పదో ఆల్బమ్ తెస్తే దానికి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. 2023లో, 73 ఏళ్ళ వయసులో, తనే రాసుకున్న ‘జస్ట్ లైక్ దట్’కి మేటి పాట గ్రామీ. చనిపోయిన కొడుకు గుండె ఇంకొకరి ఛాతీలో కొట్టుకోవడం ఒక తల్లి చెవి ఆనించి వినే కథ అది.

భాషా గుంపు కాబట్టి ఇంకొక్కటి చెప్పాలి. ఆవిడకి స్లైడ్ నేర్పినవాళ్ళలో మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్ ఒకరు. ఆయన 1972లో పోయారు. సమాధి రాయి మీద పేరు తప్పుగా చెక్కారు. 1993లో రెయిట్ డబ్బిచ్చి సరైన పేరుతో కొత్త రాయి వేయించింది. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఆవిడంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది.

సరే, వాక్యం చెప్పండి. మీ ఇంట్లో ఎలా అంటారో అలా.

*

వ్యాఖ్య: అక్కా, మా నల్గొండ దిక్కు దీనికి ‘పాయిరం’ అనే మాటుంది. "నీకు నా మీద పాయిరం లేకపాయె" అంటే చాలు, చేయలేను గీయలేను అక్కర్లేదు. మా నాయనమ్మ మనుషులకే కాదు, బర్రెకి కూడా అదే మాట వాడేది.

నా జవాబు: తమ్ముడూ, ‘లేకపాయె’లో ఆ చివరి ఎకారం ఎంత బాగుందో. మా కృష్ణా జిల్లాలో ‘మనసు’ అంటాం. "దాని మీద మనసు పడ్డాడు", "అమ్మడానికి మనసు రాలేదు". "నీకు నా మీద మనసు లేదు" అని రాసి చూశాను. బాగానే ఉంది కానీ అది నింద అయిపోతోంది. పాటలో నింద లేదు. ఎదుటివాణ్ణి ఒక్క మాట అనకుండా ఓడిపోయానని ఒప్పుకుంటోంది ఆవిడ. మీ ‘పాయిరం’లో ఆ మెత్తదనం ఉంది.

*

వ్యాఖ్య: అమ్మాయ్, ‘నచ్చజెప్పు’ని మరిచిపోయావు. నచ్చేటట్టు చెప్పడమే కదా. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, "నన్ను నీకు నచ్చజెప్పలేను" అనమంటాను.

నా జవాబు: మాస్టారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ‘నచ్చించు’ అన్న మాట నేనెప్పుడూ ఎవరి నోటా వినలేదు, మన దగ్గరున్నది ‘నచ్చజెప్పు’. చెప్పడం వరకే మన చేతుల్లో ఉందని ఆ మాటే ఒప్పుకుంటోంది. ఒక పిల్లని పెళ్ళికి నచ్చజెప్పి ఒప్పించవచ్చు, పెళ్ళికొడుకు నచ్చడం మాత్రం ఆ పిల్ల మనసుకి సంబంధించింది. అయితే "నన్ను నీకు నచ్చజెప్పలేను" అంటే ఆలోచించాక అర్థమవుతోంది, పియానో మీద ఆవిడ పాడేది వినగానే అర్థమైపోవాలి. కవితలో అయితే మీ మాటే పెట్టేదాన్ని.

*

వ్యాఖ్య: "నీలో ప్రేమ పుట్టించలేను" సరిపోదాండీ?

నా జవాబు: రాశానండీ, కొట్టేశాను. ‘పుట్టించు’ అనగానే నాకు పుకారు పుట్టించడం, లేనిపోనివి పుట్టించడం గుర్తొస్తున్నాయి.

*

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఇందాక అక్కకి ఫోన్ చేశాను. ఇక్కడి మాటలన్నీ చదివి వినిపించాను, పాయిరం దగ్గర "అబ్బ" అంది. తర్వాత అనువాదం పక్కన పెట్టి సంగతి చెప్పాను: అతనికి ఆవిడంటే ఇష్టం లేదక్కా, ఆవిడకి తెలుసు, ఈ ఒక్క రాత్రి ఉండమంటోంది, పొద్దున్నే వదిలేస్తానంటోంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల కుక్కర్ కూత వినిపించింది.

"అంటే, నీకు లేని ఇష్టం నేనెక్కణ్ణించి తేనూ అంటోందన్నమాట" అంది.