పీహెచ్ 6.96 ఎందుకు కాదు? వాహకం అయ్యే సంభావ్యత 1/2 ఎందుకు కాదు?

బైపీసీ_సెకండియర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నీట్ మాదిరి పేపర్లలోని ఈ రెండు ప్రశ్నలకి నా జవాబు కీతో కలవడం లేదు. సూత్రాలు వచ్చు, తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి.

1) 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10⁻⁵ మోలార్ హెచ్‌సీఎల్‌ని 1000 రెట్లు పలచన చేస్తే పీహెచ్ ఎంత? ఆప్షన్లు 8, 7.02, 6.96, 6.98. ఆమ్లాన్ని ఎంత పలచన చేసినా క్షారం కాదు కాబట్టి 8, 7.02 కొట్టేశాను. ఆమ్లం ఇచ్చే 10⁻⁸కి నీరు ఇచ్చే 10⁻⁷ కలిపితే 1.1 × 10⁻⁷, అంటే 6.96. కీలో మాత్రం 6.98.

2) చర్మం రంగు మామూలుగా ఉన్న దంపతులకి మొదటి బిడ్డ అల్బినిజంతో పుట్టింది. సాధారణ చర్మం గల రెండో బిడ్డ వాహకం (లక్షణం బయటికి కనబడకున్నా దాని జన్యువు ఉన్న వ్యక్తి) అయ్యే సంభావ్యత ఎంత? 1:2:1లో వాహకాలు సగం కదా, 1/2 పెట్టాను. కీలో 2/3.

అయానిక_సమతాస్థితి:

మొదటి దాంట్లో నీటిని కలపాలని గుర్తుపట్టావు, అది సరైనదే. తప్పల్లా నీరు ఎప్పుడూ 10⁻⁷ ఇస్తుందనుకోవడం దగ్గరే. అది శుద్ధమైన నీటి మాట. ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లు వచ్చి చేరగానే లీ షాటెలియర్ సూత్రం ప్రకారం నీటి అయనీకరణం కొంత వెనక్కి తగ్గుతుంది. నీరు ఇచ్చేది 10 × 10⁻⁸ కాదు, అంతకన్నా తక్కువ.

ఎంత తక్కువో చూద్దాం. 10⁻⁸ని ఒక యూనిట్ అనుకుంటే ఘాతాలతో కుస్తీ పట్టక్కర్లేదు. నీటి నుంచి వచ్చినవి ‘య’ యూనిట్లు అనుకో. అప్పుడు హైడ్రాక్సైడ్ ‘య’, మొత్తం హైడ్రోజన్ అయాన్లు ‘య + 1’. రెండింటి లబ్ధం 10⁻¹⁴, అంటే మన యూనిట్లలో 100.

య² + య − 100 = 0
య = (−1 + √401) ÷ 2 = 9.51

√401 అంటే 20.02 అని వెంటనే రాసేయొచ్చు, 400 వర్గమూలం 20 కాబట్టి. మొత్తం హైడ్రోజన్ అయాన్లు 10.51 × 10⁻⁸, అంటే 1.05 × 10⁻⁷. లాగ్ 1.05 విలువ 0.02. 7 నుంచి తీసేస్తే 6.98.

ఇదే లెక్కలో హెచ్‌సీఎల్ బదులు 10⁻⁸ మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తే సమీకరణం మారదు, పాత్రలు తారుమారవుతాయి: హైడ్రోజన్ అయాన్లు 9.51 × 10⁻⁸, పీహెచ్ 7.02. నీ ఆప్షన్లలో 7.02 పెట్టింది అందుకే.

బైపీసీ_సెకండియర్:

అర్థమైంది సార్. మరి ప్రతి పలచని ఆమ్లానికీ ఈ వర్గ సమీకరణం వేయాలా? ఒక్కో ప్రశ్నకి సగటున నిమిషమే కదా.

అయానిక_సమతాస్థితి:

అక్కర్లేదు. గాఢత 10⁻⁶ మోలార్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే నీటిని వదిలెయ్యి. 10⁻⁶ దగ్గర నీటి వాటా దాదాపు ఒక శాతమే, పీహెచ్ 6.00 అనుకుంటే సరిపోతుంది. 10⁻⁷, 10⁻⁸ దగ్గర మాత్రం తప్పదు. 10⁻⁷ మోలార్ హెచ్‌సీఎల్‌కి యూనిట్‌ని 10⁻⁷గా తీసుకో: య² + య − 1 = 0, య = 0.618, మొత్తం 1.618, పీహెచ్ 6.79. ఇక్కడ తొందరపడి 10⁻⁷కి 10⁻⁷ కలిపితే 6.70 వస్తుంది, తేడా ఇంకా పెద్దది.

ఇంకొకటి, ఉష్ణోగ్రత చూడకుండా 7 దగ్గర మొదలుపెట్టకు. నీటి అయానిక లబ్ధం 10⁻¹³ అని ఇస్తే తటస్థ పీహెచ్ 6.5. ఆ ఉష్ణోగ్రత దగ్గర పీహెచ్ 6.8 ఉన్న ద్రావణం క్షారమే.

జన్యుశాస్త్రం_మేడమ్:

రెండోదానికి నేను చెబుతాను. అల్లీల్ అంటే ఒక జన్యువుకున్న రకాల్లో ఒకటి. సాధారణ అల్లీల్ ‘సా’, అల్బినిజం అల్లీల్ ‘అ’ అనుకుందాం. అల్బినిజం అంతర్గత లక్షణం, అంటే రెండు అల్లీల్‌లూ ‘అ’ అయితేనే బయటపడుతుంది. మొదటి బిడ్డ అఅ కాబట్టి తల్లిదండ్రులిద్దరూ సాఅ. మొదటి బిడ్డ సమాచారం పని అంతటితో అయిపోయింది, రెండో బిడ్డ గళ్ళని అది మార్చదు.

రెండో బిడ్డకి సమాన అవకాశమున్న నాలుగు గళ్ళు: సాసా, సాఅ, అసా, అఅ. ప్రశ్న “సాధారణ చర్మం గల” అంది. ఆ మాటతో అఅ గడి పోయింది. మిగిలినవి మూడు, అందులో వాహకాలు రెండు. 2/3. “రెండో బిడ్డ వాహకం అయ్యే సంభావ్యత” అని మాత్రమే అడిగి ఉంటే నీ 1/2 సరైనదే. నువ్వు గళ్ళు సరిగ్గానే లెక్కపెట్టావు, హారం నాలుగు దగ్గరే ఉంచేశావు.

తెలుగులో ఇలాంటి షరతు సాధారణంగా నామవాచకానికి ముందు కూర్చుంటుంది. “గల”, “ఉన్న”, “అయిన”, “లేని” అనే మాటలు కనబడితే గుండ్రంగా చుట్టి, ఏ గడి పోయిందో అక్కడే రాసుకో. వర్ణాంధతలో ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడు. తల్లి వాహకం, తండ్రి మామూలు.

“వర్ణాంధత గల కొడుకు పుట్టే సంభావ్యత”: అందరు పిల్లల్లో లెక్క, 1/4.
“వాళ్ళ కొడుక్కి వర్ణాంధత ఉండే సంభావ్యత”: కొడుకుల్లోనే లెక్క, 1/2.

మాటలు దాదాపు అవే, జవాబు రెట్టింపు. తెలుగు మాధ్యమం ఎంచుకున్నవాళ్ళ ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుంది. ఇలాంటి ప్రశ్నలకి ఆ వాక్యం కూడా ఒకసారి చదవాలి.

బైపీసీ_సెకండియర్:

ధన్యవాదాలు మేడమ్. ఆ సాధారణ చర్మం గల రెండో బిడ్డ పెద్దయ్యాక వాహకమైన అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే, వాళ్ళ బిడ్డకి అల్బినిజం రావడం 2/3 × 1/4 = 1/6. సరేనా? మరి వాళ్ళ మొదటి బిడ్డ మామూలుగా పుడితే రెండో బిడ్డకి కూడా 1/6 ఏనా?

జన్యుశాస్త్రం_మేడమ్:

1/6 సరే. రెండో భాగం మంచి ప్రశ్న, అక్కడ 1/6 కాదు. ఇందాక తల్లిదండ్రుల జన్యురూపం (ఏ రెండు అల్లీల్‌లు ఉన్నాయో) ఖాయం, అందుకే పుట్టిన బిడ్డ తరవాతి బిడ్డ లెక్కని మార్చలేదు. ఇక్కడ తండ్రి జన్యురూపం అనుమానంలో ఉంది, మామూలు బిడ్డ పుట్టడం ఆ అనుమానాన్ని కొంచెం తగ్గిస్తుంది.

ఇలాంటి కుటుంబాలు 12 అనుకో. 8 ఇళ్ళలో తండ్రి వాహకం, 4 ఇళ్ళలో కాదు. మొదటి బిడ్డ మామూలుగా పుట్టేది 8లో 6 ఇళ్ళలో, 4లో నాలుగింటా. మిగిలిన 10 ఇళ్ళలో తండ్రి వాహకమైనవి 6. అంటే 2/3 కాస్తా 3/5 అయింది. 3/5 × 1/4 = 3/20. నీట్‌కి ఇంత లోతు అవసరం పడదు, కానీ ఈ 12 ఇళ్ళ పద్ధతి చేతికి వస్తే 2/3 దగ్గర మళ్ళీ తడబడవు.

అయానిక_సమతాస్థితి:

మార్కుల సంగతి ఒక్క మాట. సరైనదానికి 4, తప్పుకి 1 కోత. మొదటి ప్రశ్నలో 8, 7.02 కొట్టేశాక సమయం లేక మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టినా సగటున 1.5 మార్కులు లాభమే, వదిలేస్తే సున్నా. ఏ ఆప్షనూ కొట్టేయలేని స్థితిలో ఆ సగటు 0.25కి పడిపోతుంది.